పెరాల్టా రాళ్ళు: చెక్కిన గీతను కొండ మీద పెట్టి చూసిన ఒక కేసు

అరిజోనాలోని సూపర్‌స్టిషన్ కొండల్లో బంగారు గనికి దారి చూపిస్తాయని పేరుపడ్డ పెరాల్టా రాళ్ళను ఒక పెద్దాయన చదివారు. గని ఫలానా చోట ఉందని అక్షాంశ, రేఖాంశాలతో సహా తేల్చారు. ఆ లెక్క నిలుస్తుందో లేదో చూసి చెప్పడం ఈ కేసులో నా పని.

నేను ఫీనిక్స్‌లో సర్వే, జీఐఎస్ (కంప్యూటర్ పటాల) పనులు చేస్తాను. పాత ప్లాట్ కాగితాలు, ఎప్పుడో గీసిన కాలువల డ్రాయింగులు తెచ్చి ఇవాళ్టి నేల మీద కూర్చోబెట్టమంటారు. రాయి మీది గీతను కూర్చోబెట్టమని మాత్రం అంతకుముందు ఎవరూ అడగలేదు. పెద్దాయన మనవాళ్ళే. పల్నాడు ప్రాంతంలో నీటిపారుదల శాఖలో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా (ఈఈ) చేసి రిటైరయ్యారు. చాండ్లర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ముందు ఫోన్ చేసింది కొడుకే. "అన్నా, నాన్నగారు మెటల్ డిటెక్టర్ కొన్నారు. జూన్‌లో కొండెక్కుతానంటున్నారు. మేం చెప్తే వినట్లేదు. మీ ఫీల్డే కదా, ఒకసారి కూర్చుని మాట్లాడండి" అన్నాడు.

ఆయన ఒప్పుకున్న మీదటే ఇది రాస్తున్నాను. ఆయన పేరు, ఆయన తేల్చిన చోటు మాత్రం ఇందులో ఉండవు. చోటు రాస్తే వచ్చే వారానికల్లా అక్కడ ఎవరో ఒకరు గొయ్యి తవ్వుతారు. ఆ కొండల్లో అలాంటి గోతులకు కొదవ లేదు.

రాళ్ళు ఎక్కడివి

ముందు రాళ్ళ సంగతి. ట్రావిస్ టమ్లిన్‌సన్ అనే ఆయన 1949లో ఫ్లోరెన్స్ జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన కారు ఆపి కాసేపు నడుద్దామని దిగాడట. నేలలోంచి పొడుచుకొచ్చిన రాయి మూల ఒకటి కనబడిందట. తవ్వితే చెక్కిన పలక. ఆ తర్వాత వెతికితే మిగతావి. ఏ ఏడాది అన్నదగ్గరే కథలు ఒకదానితో ఒకటి కలవవు. ఆయన పోయాక రాళ్ళు చేతులు మారాయి. 1964 జూన్‌లో లైఫ్ పత్రిక వాటి ఫోటోలు వేసింది. ఇక అక్కడి నుంచి దేశమంతా పాకింది.

ఒక పలక మీద ఒకవైపు గుర్రం, రెండోవైపు సిలువ పట్టుకుని పొడవాటి అంగీ తొడుక్కున్న మనిషి. ఇంకో రెండు పలకల్ని పక్కపక్కన పెడితే వాటి మీది వంకర గీత ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి సాగుతుంది. గీత వెంబడి చుక్కలు. ఒక పలకలో గుండె ఆకారపు గుంట ఉంది, అందులో ఇమిడేలా విడిగా చెక్కిన ఎర్రరాతి గుండె ఉంది. అక్కడే 1847 అన్న అంకె. అంగీ మనిషి ఉన్న వైపు స్పానిష్‌లో నాలుగు మాటలు: ఈ దారి ప్రమాదకరం, నేను 18 చోట్లకు వెళ్తాను, పటాన్ని వెతుకు, గుండెను వెతుకు. గుర్రం వైపు, 'నేను నదికి ఉత్తరాన మేస్తాను' అని ఉంటుంది.

ఆ స్పానిష్ నిండా అక్షర దోషాలే. వాటిలో రెండు రకాలున్నాయి. 'వి' రాయాల్సిన చోట 'బి' రాయడం ఒక రకం. స్పానిష్‌లో ఆ రెండూ పలకడానికి ఒకటే కాబట్టి పెద్దగా చదువుకోని గనికూలీ అలా రాశాడంటే నమ్మొచ్చు. గుర్రం అన్న మాటలో మాత్రం రెండుచోట్ల 'ఎ' బదులు 'ఓ' ఉంది. గుండె అన్న మాటలో 'ఆర్' ఎగిరిపోయింది. ఇవి చెవితో విని రాసేవాడి తప్పుల్లా లేవు. ఆ భాష రానివాడు చూసి దించినట్టున్నాయి. దీన్నిబట్టి రాళ్ళు దొంగవని నేను తీర్పు చెప్పను. అనుమానం వైపు ఒక గింజ పడిందని మాత్రం లెక్క వేసుకున్నాను.

1847కి ఒక కథ ఉంది. మెక్సికోలోని సొనోరాకు చెందిన పెరాల్టా కుటుంబం ఈ కొండల్లో గనులు నడిపిందనీ, అమెరికాతో యుద్ధంలో ఈ నేల చేజారిపోతుందని తెలిసి చివరి విడత బంగారం తీసుకెళ్ళడానికి వచ్చిందనీ, తిరిగి వెళ్తుంటే అపాచీ తెగవాళ్ళు దారికాచి చంపారనీ చెబుతారు. యుద్ధం నిజమే. 1848 ఒప్పందంతో గీలా నదికి ఉత్తరపు నేల అమెరికాకు పోవడమూ నిజమే. కానీ ఆ కుటుంబం ఇక్కడ గని తవ్వినట్టు చెప్పే అప్పటి కాగితం ఒక్కటి కూడా ఎవరూ చూపలేదు. యాకోబ్ వాల్ట్జ్ అనే జర్మన్ వలసదారు 1891 అక్టోబరు 25న ఫీనిక్స్‌లో చనిపోతూ గని రహస్యం చెప్పాడన్న 'లాస్ట్ డచ్‌మన్' కథ దీనికి తర్వాత అతుక్కుంది. వాల్ట్జ్ చివరి రోజుల్లో చూసుకున్న జూలియా థామస్ 1892 వేసవిలో తన ఆస్తి ఊడ్చిపెట్టి మరీ ఆ గని కోసం వెతికింది. ఆ తొలి తరం వాళ్ళెవరి కథలోనూ చెక్కిన పలకల ఊసే లేదు.

పెరాల్టా అన్న పేరుకి అరిజోనాలో ఇంకో చరిత్ర ఉంది. నా కంటికి ఈ కేసులో అదే పెద్ద హెచ్చరిక. జేమ్స్ అడిసన్ రీవిస్ అనేవాడు 1883లో, స్పెయిన్ రాజు పెరాల్టా అనే ప్రభువుకు ఇచ్చిన భూమికి తానే హక్కుదారునంటూ దాదాపు 1.2 కోట్ల ఎకరాలకు దావా వేశాడు. ఫీనిక్స్ కూడా అందులోదే. రైలు కంపెనీ, గని కంపెనీ కూడా బెదిరి డబ్బు కట్టాయి. ఆ భూమికి మొదటి హద్దురాయి ఇదేనంటూ వాడు చూపించింది పూర్వపు మూలవాసులు బొమ్మలు చెక్కిన ఒక బండను. ఆ గీతలే తన జమీందారీ పటమన్నాడు. 1895లో కోర్టు దావా కొట్టేసింది, 1896లో జైలుకు పంపింది. అంటే ఎవరో ఎప్పుడో చెక్కుకున్న గీతలు తీసుకుని, తమకు కావాల్సిన నేలకు పటంగా చదవడం ఈ ప్రాంతంలో టమ్లిన్‌సన్ కారు ఆపడానికి అరవై ఏళ్ళ ముందే జరిగింది.

పెద్దాయన లెక్క

ఆయన ఫైల్ చూస్తే ముచ్చటేసింది. ట్రేసింగ్ కాగితం మీద గీతను చుక్క చుక్కగా దించారు. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళ 'వీవర్స్ నీడిల్' షీట్, 1:24,000 స్కేలుది, ప్రింట్ తీయించి కాంటూర్లకు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలకు) రంగులు వేశారు. ఏ వాగు ఎటు పారుతుందో బాణాలు గీశారు. పనితెలిసిన చెయ్యి అని ఇట్టే తెలిసిపోతుంది.

ఆయన వాదన ఇలా సాగింది. పలక మీద ఒకచోట కోసుగా ఉన్న గుర్తు వీవర్స్ నీడిల్ శిఖరం. 4,553 అడుగుల ఎత్తున నిటారుగా నిలబడ్డ రాతి కొమ్ము అది, కొండల్లో చాలా దూరానికి కనబడుతుంది. సాయంత్రం నాలుగింటికి దాని నీడ మొన పడే చోటే దారికి మొదలు. ఇది డచ్‌మన్ కథలోంచి తెచ్చుకున్న గుర్తు. అక్కడి నుంచి చుక్కల మధ్య దూరాల్ని 'వార' అనే పాత స్పానిష్ కొలతలో లెక్కేస్తే పద్దెనిమిదో చోటు ఒక లోయ పక్క వాలు మీద పడుతుంది. ఉపగ్రహ చిత్రంలో సరిగ్గా అక్కడే రాతి మీద సిలువ కనబడుతోంది.

"సిలువ ముందు చూశారా, లెక్క ముందు చేశారా సార్?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "సిలువ కనబడ్డాక స్కేలు కొంచెం సర్దాను బాబూ" అన్నారు. దాపరికం లేని మనిషి.

స్కేలు సర్దడానికి వీలెలా చిక్కిందంటే, వార అన్న కొలతకు ఊరికో పొడవు ఉండేది. మెక్సికో, కాలిఫోర్నియా వైపు సుమారు 33 అంగుళాలు, టెక్సాస్‌లో 33 అంగుళాల పైన ఇంకో మూడోవంతు. ఒక వారకు తేడా ఏమాత్రం కాదు. కొన్ని వేల వారల దూరం పోయేసరికి లోయ ఇవతల గట్టు, అవతల గట్టు అంత తేడా వస్తుంది.

నీడ సంగతి ఇంకా జారుడు. జూన్‌లో సాయంత్రం నాలుగింటికి అక్కడ సూర్యుడు ఇంకా బాగా ఎత్తునే ఉంటాడు, నీడ తూర్పుగా, పొట్టిగా పడుతుంది. డిసెంబరులో అదే వేళకు నైరుతిన దిగిపోతుంటాడు, నీడ ఈశాన్యానికి ఎంతో పొడవున సాగుతుంది. పైగా అమెరికాలో రైల్వేలు ఒకే ప్రామాణిక సమయం పెట్టుకున్నది 1883లో. అంతకుముందు నాలుగు గంటలంటే ఆ ఊరి ఎండను బట్టి నాలుగు గంటలే. నెల చెప్పకుండా నీడ చెబితే, కొమ్ము చుట్టూ విసనకర్రలా పరుచుకున్న నేలంతా మొదలే అవుతుంది. ఇది ఆయనకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది. కాగితం మీద నీడలు గీసి చూడగానే పెన్సిల్ పక్కన పెట్టేశారు.

క్లోజింగ్ ఎర్రర్

అసలు విషయం దీని తర్వాతే వచ్చింది. పలకల ఫోటోలు తీసుకుని, కెమెరా వంపు సరిచేసి, గీత నడిమి వరసను కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆ గీతను నేల మీదికి తేవాలంటే పక్కకు జరపాలి, తిప్పాలి, సాగదీయాలి. పటం ఇచ్చినవాడు స్కేలు, ఉత్తరం, మొదలు రాసిపెట్టి ఉంటే ఈ పనులన్నీ వాడే చేసినట్టు. రాయకపోతే అవన్నీ నా చేతిలో ఉంటాయి.

పెద్దాయన మూడు చోట్లు ఎంచుకున్నారు: కొమ్ము, ఒక వాగుల కలయిక, ఆ సిలువ. పలక మీది మూడు గుర్తుల్ని నేల మీది ఈ మూడు చోట్లకు కట్టి, జరపడం, తిప్పడం, సాగదీయడం అన్నీ ఒకేసారి చేసే అఫైన్ పద్ధతిలో అతికించాను. స్క్రీన్ మీద తప్పు ఎంతో చూపించే గడిలో సున్నా వచ్చింది. దశాంశం తర్వాత కూడా అన్నీ సున్నాలే. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"సార్, మీ కొమ్మును అక్కడి నుంచి తీసి మీ అబ్బాయి ఇంటి గరాజ్‌లో పెడతాను, చూడండి" అన్నాను. పెట్టాను. మళ్ళీ సున్నా. సిలువను తీసుకెళ్ళి విమానాశ్రయం రన్‌వే మీద పెట్టాను. సున్నా. అఫైన్‌లో సర్దుకునే అంకెలు ఆరు. మూడు చోట్లు ఇస్తే వచ్చే సమీకరణాలూ ఆరే. మూడూ ఒకే గీత మీద లేకపోతే చాలు, ప్రపంచంలో ఏ మూడు చోట్లయినా తప్పు సున్నాయే చూపిస్తుంది. గీతను రబ్బరులా ఎక్కడికక్కడ లాగే పద్ధతి వాడితే పద్దెనిమిది చుక్కలకూ సున్నా తెప్పించొచ్చు. నిధి పటాలకు జవాబు దొరికిందని ఇంటర్నెట్‌లో కనబడే వీడియోల్లో చాలావాటి గుట్టు ఇదే. ఇందులో ఎవరూ మోసం చేయక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ తన పని తాను చేస్తుంది, మనిషి దాన్ని సాక్ష్యం అనుకుంటాడు.

ఆయన మళ్ళీ కూర్చుని, చాలాసేపటి తర్వాత "అంటే బీఎం మీద క్లోజ్ చేయలేదు" అన్నారు.

నేను ఎంత చెప్పినా అంత బాగా చెప్పలేను. కాలువ పనికి లెవెల్స్ తీసేవాళ్ళు ఒక బెంచ్‌మార్క్ (బీఎం, ఎత్తు ముందే తెలిసిన గుర్తు) దగ్గర మొదలుపెట్టి, ఎత్తులు చూసే డంపీ లెవెల్‌తో మైళ్ళ దూరం పోయి, తిరిగి తెలిసిన బెంచ్‌మార్క్ మీదికే వచ్చి ఆగాలి. వచ్చిన అంకెకు, ఉండాల్సిన అంకెకు మధ్య తేడానే క్లోజింగ్ ఎర్రర్. అది లేని లెవెల్స్‌ను ఎం-బుక్కులో (కొలతల పుస్తకంలో) ఎక్కించి సంతకం చేసే ఇంజనీరు ఉండడు. పెద్దాయన సర్వీసంతా ఇదే పని చేశారు, కింది ఇంజనీర్లను (ఏఈలను) నిలబెట్టి మళ్ళీ తీయించారు. తన రాతి పటానికి మాత్రం వాడిన చోట్లన్నీ లెక్క కట్టడానికే ఖర్చయిపోయాయి. సరిచూసుకోవడానికి ఒక్కటీ మిగల్లేదు.

దీని తర్వాత ఇంకో పరీక్ష పెట్టాను. అదే గీతను, అదే స్వేచ్ఛతో, వేరే కొండల్లో వాగుల మీద వెతకమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. ఫీనిక్స్‌కు పడమటనున్న వైట్ ట్యాంక్ కొండలు, ఈశాన్యంలో మెక్‌డోవెల్ కొండలు పెట్టాను. పెద్దాయన అడిగారని అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తుల డేటాతో (30 మీటర్ల ఎస్ఆర్‌టీఎం) మన నల్లమల కూడా పెట్టాను. అన్నిచోట్లా సూపర్‌స్టిషన్‌కు దీటుగా అతికే వాగులు దొరికాయి. శ్రీశైలం దగ్గర పాతాళగంగ దిగువన కృష్ణ లోయ మెలికలు తిరిగే చోట మరీ బాగా అతికింది. 1847లో సొనోరా నుంచి బయల్దేరినవాడు శ్రీశైలానికి దారి చెక్కడు కదా. గీత తప్పు కాకపోవచ్చు. నీళ్ళు కోసిన లోయలన్నీ ఇంచుమించు ఒకే తీరున మెలికలు తిరుగుతాయి. ఇంత చిన్న గీతలో ఒక కొండను ఇంకో కొండ నుంచి విడదీసేంత సమాచారం లేదు. ఈ కేసులో నేను కనుక్కున్నది ఏదైనా ఉంటే అది ఇదే.

కొండ మీద

అయినా చోటు చూడకుండా రిపోర్టు ఇవ్వకూడదని నా పట్టుదల. జూన్‌లో రానని ముందే చెప్పేశాను. చలికాలం వరకు ఆగమన్నాను. దానికి ఆయన్ని ఒప్పించింది నా లెక్కలు కాదు, అడాల్ఫ్ రూత్ కథ.

రూత్ వాషింగ్టన్ నుంచి వచ్చిన ప్రభుత్వోద్యోగి. వయసు అరవై దాటింది, ఒక కాలు సరిగా లేదు. మెక్సికోలో కొడుక్కి దొరికిన పాత పటాలు పట్టుకుని 1931 జూన్‌లో ఈ కొండల్లోకి వెళ్ళాడు. ఇద్దరు కౌబాయ్‌లు సామాను మోసి, నీటి ఊట దగ్గర దించి వచ్చారు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు. డిసెంబరులో పుర్రె దొరికింది, మిగతా ఎముకలు 1932 జనవరిలో ఇంకోచోట దొరికాయి. పుర్రెకు రంధ్రాలున్నాయి. స్మిత్సోనియన్ మ్యూజియంలో దాన్ని చూసిన ఎముకల నిపుణుడు అలెష్ హర్డ్లిచ్కా అవి తుపాకీ గుండు చేసినవన్నాడు, ఎండకు పోయాడని వాదించినవాళ్ళూ ఉన్నారు. మొన్నమొన్న 2010 జూలైలో యూటా నుంచి ముగ్గురు ఈ గని కోసమే వెళ్ళారు. మరుసటి ఏడాది జనవరిలో శవాలు దొరికాయి. జూన్, జూలైల్లో ఇక్కడ 43 డిగ్రీలు మామూలు. ఆ లోయల్లో నీడ లేదు, వాగుల్లో నీళ్ళుండవు, రాయి రాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. కొడుకు ఇచ్చిన పటం, సరిగా లేని కాలు అన్నదగ్గర పెద్దాయన తన మోకాలి వైపు చూసుకున్నారు. డిసెంబరు అయితే డిసెంబరే అన్నారు.

వెళ్ళేముందు ఒక కాగితం రాయించుకున్నాను. నీ లెక్క నిజమైతే అక్కడ ఏం కనబడాలి, ఏం కనబడితే తప్పని ఒప్పుకుంటావు అన్నవి ఆయన చేతిరాతతో, తేదీ వేసి. చెక్కిన సిలువలో ఉలి గాట్లు ఉండాలి. దగ్గర్లో తవ్విపోసిన రాతిముక్కల గుట్ట ఉండాలి. బండ, బంగారం తరచూ దొరికే తెల్లటి క్వార్ట్జ్ ఈనెలున్న రాయి కావాలి. ఈ మూడూ లేకపోతే చోటు తప్పు. డిటెక్టర్ ఇంట్లోనే వదిలేశాం. సూపర్‌స్టిషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత ప్రాంతం టోంటో జాతీయ అడవిలో భాగం. 1984 మొదలయ్యాక అక్కడ కొత్త గని హక్కులు పెట్టడానికి వీల్లేదు. నిధి కోసం తవ్వాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. నూరేళ్ళు దాటిన పురావస్తువును కదిలిస్తే 1979 చట్టం కింద కేసు. చూడటానికి, ఫోటో తీయడానికి మాత్రమే వెళ్ళాం.

పెరాల్టా ట్రైల్ మీద ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ దాకా రానూపోనూ నాలుగున్నర మైళ్ళకు పైనే. శాడిల్ ఎక్కగానే కొమ్ము ఒక్కసారిగా ఎదురుగా లేస్తుంది. పెద్దాయన చెయ్యెత్తి నమస్కారం పెట్టారు. అక్కడి నుంచి ఆయన చోటుకు దారి వదిలి ముళ్ళలో పడి పోవాల్సి వచ్చింది. చోయా అనే కాక్టస్ ముళ్ళు పట్టుకుంటే వదలవు, దువ్వెన పెట్టి పీక్కోవాలి.

సిలువ ఉంది. ఉపగ్రహ చిత్రంలో కనబడినట్టే, మనిషంత ఎత్తున ఉంది. దగ్గరికి వెళ్తే బండలో రెండు పగుళ్ళు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకున్నాయి. సుమారు రెండు కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ అగ్నిపర్వతాలు పేలి, వేడి బూడిద పేరుకుని, తన వేడికి తనే అతుక్కుని రాయైంది. అది చల్లారుతూ కుంచించుకుపోయినప్పుడు పడే పగుళ్ళు ఇలాగే నిటారుగా, అడ్డంగా తెగుతాయి. నిలువు పగులులో నాచులాంటి లైకెన్ పచ్చగా పట్టి ఉంది, అడ్డం పగులు ఖాళీగా ఉంది. పెద్దాయన బొటనవేలు గోరుతో అంచు వెంబడి మెల్లగా పైనుంచి కిందికి తడిమారు. గాటు ఎక్కడా తగల్లేదు. అంచులు మిగతా బండ ఎంత అరిగిందో అంతే అరిగున్నాయి. పగులు సిలువ దగ్గర ఆగలేదు, పక్క బండలోకి, దాని పక్క బండలోకి కూడా పోయింది. గుట్టా లేదు, క్వార్ట్జ్ ఈనె కూడా లేదు. ఆయన జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, తేదీ వేసి, 'క్లోజ్ కాలేదు' అని రాసుకున్నారు.

ఇక్కడ భూగర్భం గురించి ఒక మాట. ఈ కొండల దగ్గర్లో బంగారం లేదని కాదు. పడమటి అంచున గోల్డ్‌ఫీల్డ్ దగ్గర 1892లో బంగారం పడింది, ఊరే లేచింది, పదేళ్ళు తిరక్కుండానే పడిపోయింది. కానీ ఆ బంగారం ఉన్నది అగ్నిపర్వత బూడిదరాయికి ఎన్నో రెట్లు పాతదైన గ్రానైట్‌లో, భ్రంశాల (రాయి తెగి జరిగిన చీలికల) వెంబడి. పటాలన్నీ చూపించే నడికొండ మాత్రం బూడిదరాయి. గని ఉంటే అంచుల్లో ఉండాలి. కథలకు మాత్రం కొమ్ము కావాలి.

హైరోగ్లిఫిక్ లోయ, పల్నాడు రాయి

తిరిగొచ్చేటప్పుడు ఆయన్ని గోల్డ్ కాన్యన్ వైపు హైరోగ్లిఫిక్ లోయకు కూడా తీసుకెళ్ళాను. నిజంగా మనిషి చెక్కింది ఎలా ఉంటుందో చూడాలని. నీటిమడుగు పక్క బండల మీద పూర్వం ఇక్కడ బతికిన హోహోకమ్ జనం చెక్కిన బొమ్మలు. కొమ్ములు తిరిగిన గొర్రెలు, సుడులు, గీతలు. ఎడారిలో ఏళ్ళ తరబడి రాయి మీద నల్లటి పూత పడుతుంది. వాళ్ళు రాయితో రాయిని కొట్టి ఆ పూతను పొడిచారు. ప్రతి గీతా చిన్నచిన్న గుంటల వరస. గుంట లోపల లేత రంగు రాయి, దాని మీద మళ్ళీ సన్నగా ముదురుతున్న పూత. చెయ్యి పెట్టకుండా కంటితోనే తెలిసిపోతుంది. పగులు సిలువలో లేనిది ఇదే. కొన్ని బొమ్మల పక్కన మొన్నమొన్నటి పేర్లు గీకి ఉన్నాయి. సుడి అంటే గని సొరంగమనీ, గొర్రె చూసే దిక్కు తవ్వాల్సిన దిక్కనీ పుస్తకాలు రాసినవాళ్ళున్నారు. అవి పటాలు కావు. ఆ జనం వారసులమని చెప్పే ఓధమ్ తెగలు ఇంకా ఇక్కడే, ఈ నదుల ఒడ్డునే ఉన్నాయి. వాళ్ళ పెద్దల గుర్తుల్ని గని కోసం తవ్వడం నాకు దొంగతనంతో సమానం.

మడుగు దగ్గర కూర్చున్నప్పుడు పెద్దాయన తన సంగతి చెప్పారు. కాలువ తవ్వకంలో ఒకసారి నిలువెత్తు రాయి బయటపడింది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద నాలుగు వరసల పాత అక్షరాలు. పనివాళ్ళు 'నిధి రాయి' అన్నారు. పురావస్తు శాఖకు రాద్దామని ఈయన పని ఆపించారు. తెల్లారేసరికి రాయి చుట్టూ ఆరడుగుల గొయ్యి ఉంది, రాయి మూడు ముక్కలై ఉంది. గోతిలో మట్టి తప్ప ఏమీ లేదు.

సూర్యచంద్రులు మన దానశాసనాల మీద ఊరూరా ఉంటాయి. ఆ సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని, ఆచంద్రార్కమని, చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా చెక్కిన గుర్తు. ఫలానా చెరువు కింద ఇంత భూమి ఫలానా గుడి దీపానికి అని కింద రాసి ఉంటుంది. భూమే అందులోని నిధి, అదీ గుడిది. ఈ ఒక్క గుర్తును తప్పుగా చదివినందుకు ఎన్ని శాసనాలు, ఎన్ని వీరగల్లులు, పొట్ట చీల్చిన ఎన్ని నందులు పోయాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. మన దగ్గర 1878 నాటి నిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. పది రూపాయలకు మించిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పి తీరాలి. చట్టం ఉన్నా రాత్రిపూట గునపాలు ఆగలేదు.

"ఆ రాయి మీద ఏం రాసుందో నాకు ఇప్పటికీ తెలీదు. ఈ రాళ్ళనైనా చదువుదామనుకున్నాను బాబూ" అన్నారు. డిటెక్టర్ కొనడం వెనక ఇది ఉందని ఇంట్లోవాళ్ళకు తెలిసినట్టు లేదు. ఆయన అనుమతితో కొడుకుతో చెప్పాను.

రిపోర్టు

రిపోర్టులో మూడే మాటలు రాశాను. పలకల మీది గీత నుంచి ఏ చోటునూ తేల్చడం సాధ్యం కాదు, ఎందుకంటే స్కేలు, దిక్కు, మొదలు మూడూ చదివేవాడే ఇచ్చుకోవాలి. ఎంచుకున్న చోట ముందుగా రాసిపెట్టుకున్న మూడు గుర్తుల్లో ఒక్కటీ లేదు. రాళ్ళు పాతవా కొత్తవా అన్నది ఈ పరీక్షల్లో తేలదు.

మూడో మాట మీద పెద్దాయనకూ నాకూ ఇంకా వాదన నడుస్తోంది. ఆయనకు అవి నిజమైనవేమోనని ఆశ. నేను చాలావరకు వ్యతిరేకం. దొరికిన చోట ఫోటో లేదు, ఏ పొరలో ఎంత లోతున ఉందో రాసుకోలేదు, అలా పెరికేసిన రాయి సగం సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. నా మనసు మారాలంటే గాట్ల అడుగున ఎంత అరుగుదల ఉందో సూక్ష్మదర్శినితో చూడాలి. ఇసుకరాయి ఏ పొర నుంచి వచ్చిందో పోల్చాలి. గాడిలో లోహపు నలుసులుంటే ఏ రకం ఉక్కో తేల్చాలి. లేదా 1949కి ముందు నాటి ఉత్తరంలోనో డైరీలోనో ఈ పలకల మాట ఉన్న ఒక్క వాక్యం చూపించాలి. ఆ నాలుగో పని మీద ఆయన ఉన్నారు. సొనోరా చర్చి రికార్డుల స్కాన్‌ల కోసం స్పానిష్ నేర్చుకుంటున్నారు. డిటెక్టర్ అమ్మేశారు.

దారి వదిలి వెళ్ళినప్పుడు వాలు మీద ఎవరో ఈమధ్యే తవ్విన గొయ్యి ఒకటి కనబడింది. పక్కన ఖాళీ నీళ్ళ సీసాలు, చెక్కిన బాణం గుర్తు, అది కూడా కొత్తదే. కొలతలు, ఫోటోలు, జీపీఎస్ రీడింగ్ జోడించి అటవీశాఖ వాళ్ళకు పంపాం. స్కెచ్ పెద్దాయన గీశారు, ఉత్తరం బాణం, స్కేలు, బెంచ్‌మార్క్‌తో సహా.

దీని తర్వాత ఇలాంటి పని అడిగినవాళ్ళకు నేను పెట్టే షరతులు ఇవి. రాయి ఫోటోలో పక్కన కొలబద్ద ఉండాలి, వెలుతురు ఏటవాలుగా పడాలి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరికి దొరికిందో కాగితం ఉండాలి. మీరు తేల్చిన చోటు నాకు చెప్పకండి, కవరులో పెట్టి ఉంచండి. నేను గీతను విడిగా చదివి నా చోటు ఇంకో కవరులో పెడతాను. రెండూ ఒకేసారి తెరుద్దాం. మే నుంచి సెప్టెంబరు దాకా ఫీల్డ్‌కు రాను, మిమ్మల్నీ వెళ్ళనివ్వను.